ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్లు, 1024 గూళ్ళు

1898 ఆగస్టు నెల. ఉత్తర బెంగాల్‌లో భూటాన్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న జల్పాయ్‌గురి జిల్లాలో ఒక టీ తోట మేనేజరు తన మంచం మీదే గొంతు తెగి చచ్చి పడి ఉన్నాడు. పేరు హృదయనాథ్ ఘోష్. కాగితాలు దాచుకునే పెట్టెను ఎవరో వెదికి వదిలేశారు. ఇనప్పెట్టెలో ఉండాల్సిన కొన్ని వందల రూపాయలు లేవు. హత్య కళ్ళారా చూసిన మనిషి ఒక్కడూ లేడు.

అనుమానితులకు మాత్రం కొదవ లేదు. మేనేజరు చేతిలో నలిగిన కూలీలు తోట నిండా ఉన్నారు. పని దగ్గర ఆయన చండశాసనుడని పేరు. వంటవాడి బట్టల మీద నెత్తుటి మరకలు కనిపించాయి. ఘోష్‌కు ఒక స్త్రీతో సంబంధం ఉంది, ఆమె తాలూకు బంధువులకు ఆయనంటే కడుపుమంట. ఆ చుట్టుపక్కలే కొద్దిరోజుల కింద డేరాలు వేసుకున్న కాబూలీల ముఠా ఒకటుంది, వాళ్ళకు మంచి పేరేమీ లేదు. ఇవి చాలవన్నట్టు, దొంగతనం చేశాడని ఘోష్ జైలుకు పంపించిన పాత నౌకరు ఒకడు. చచ్చినవాడి చుట్టూ ఇంతమంది పగవాళ్ళు దొరికితే డిటెక్టివ్ నవల రాసేవాడికి పండగే. దర్యాప్తు చేసే పోలీసుకు అది తలనొప్పి.

వంటవాడు, యజమాని రాత్రి భోజనానికి పావురాన్ని కోశాను, ఆ నెత్తురే ఇది అన్నాడు. రసాయన పరీక్షకుడి నివేదిక అతని మాటను బలపరిచింది. కూలీల మీద, ఆ స్త్రీ బంధువుల మీద, కాబూలీల మీద ఏ ఆధారమూ దొరకలేదు. పాత నౌకరు కొన్ని వారాల కిందటే జైలు నుంచి విడుదలయ్యాడని తేలింది గానీ, ఆ తరవాత అతన్ని జిల్లాలో చూశామన్నవాళ్ళు లేరు.

అప్పుడు దొరికింది ఒక పంచాంగం. కాగితాల పెట్టెలో ఉన్న బెంగాలీ పంచాంగం అది, లేతనీలం రంగు అట్ట. ఆ అట్ట మీద గోధుమరంగు మరకలు రెండు, కనీకనిపించనట్టు ఉన్నాయి. భూతద్దం పెట్టి చూస్తే అందులో ఒకటి ఎవరిదో కుడిచేతి వేలి గీతల తునక. దాన్ని కలకత్తాలోని బెంగాల్ పోలీసు కేంద్ర కచేరీకి పంపారు. అక్కడ శిక్ష పడిన నేరస్తుల వేలిముద్రలు వరసగా సర్ది పెట్టి ఉన్నాయి. పోల్చి చూస్తే ఆ మరక కంగాలీ చరణ్ అనేవాడి కుడి బొటనవేలితో గీతకు గీత సరిపోయింది. కంగాలీ చరణ్ అంటే మరెవరో కాదు, ఆ పాత నౌకరే. అతన్ని వందల మైళ్ళ దూరాన బీర్భూమ్ జిల్లాలో పట్టుకుని కలకత్తా తీసుకొచ్చారు. మరకలు క్షీరదం నెత్తురేనని రసాయన పరీక్షకుడు ధ్రువీకరించాడు. ఇనప్పెట్టె తాళంచెవి కోసం కాగితాల మధ్య తడుముకున్నప్పుడు నెత్తురంటిన బొటనవేలు పంచాంగానికి తగిలిందని పోలీసుల ఊహ.

కోర్టులో ఏమైందో తరవాత. ముందు ఆ కచేరీలో కంగాలీ చరణ్ కాగితం తీయగానే దొరికేలా ఎవరు సర్ది పెట్టారో చూడాలి.

డిటెక్టివ్‌లు జంటగా తిరగడం తెలుగు పాఠకులకు కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావు నవలల్లో యుగంధర్, రాజు జంటను తరాల తరబడి చదివారు. కలకత్తా జంట వేరే రకం. వీళ్ళు మారువేషాలు వెయ్యలేదు, రివాల్వరు గురిపెట్టలేదు, కారులో తరమలేదు. ఏళ్ళ తరబడి వేళ్ళ గీతలు చూస్తూ గుమాస్తాల్లా పనిచేశారు. ఒకరు కాజీ అజీజుల్ హక్, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని ఖుల్నా ప్రాంతం వాడు, 1872లో పుట్టాడు. లెక్కల విద్యార్థి. రెండోవాడు హేమచంద్ర బోస్, ఐదేళ్ళు పెద్ద, 1889 నుంచీ పోలీసు ఉద్యోగి. హోదా ఇద్దరిదీ సబ్ ఇన్‌స్పెక్టరే.

హక్ గురించి వాళ్ళ ఇంట్లో చెప్పుకునే కథ ఒకటుంది. చిన్నప్పుడే పడవ ప్రమాదంలో తల్లిదండ్రులు పోయారు. పిల్లాడికి తిండి యావ ఎక్కువ. ఒకనాడు అన్నగారి వాటా కూడా తినేస్తే ఆయన చితకబాదాడట. పన్నెండేళ్ళ కుర్రాడు అలిగి ఇల్లు వదిలి కలకత్తా చేరాడు, అక్కడ ఒక కుటుంబం చేరదీసి చదివించింది. అలా ప్రెసిడెన్సీ కాలేజీ దాకా వచ్చాడు. బెంగాల్ పోలీస్ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ తనకు లెక్కల్లో దిట్ట అయిన కుర్రాడు కావాలని కాలేజీని అడిగితే, వాళ్ళు హక్ పేరు చెప్పారు. పోలీసు శాఖకు లెక్కలవాడితో ఏం పని?

పని ఉంది. అప్పటి పోలీసులకు అసలు బెడద దొంగ కాదు, దొంగ పేరు. బీర్భూమ్‌లో రామ్ అని శిక్ష పడ్డవాడు ఢాకాలో శ్యామ్ అని పట్టుబడేవాడు. ఇండియన్ పీనల్ కోడ్ 75వ సెక్షన్ ప్రకారం కొన్ని నేరాల్లో పాత శిక్ష ఉన్నవాడికి రెండోసారి శిక్ష పెరిగేది. అది పెరగాలంటే వీడే వాడని రుజువు కావాలి. ఫోటోలు ఉన్నా గడ్డం పెంచితే చాలు, ఎందుకూ కొరగావు. పారిస్‌లో అల్ఫోన్స్ బెర్టిలాన్ అనే పోలీసు గుమాస్తా దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. తల పొడవు, తల వెడల్పు, నడిమి వేలు, మోచెయ్యి, పాదం కొలిచి చీటీ మీద రాసి భద్రపరచడం. హెన్రీ బెంగాల్‌లో ఆ కొలతల పద్ధతే పెట్టాడు. ఇత్తడి కొలబద్దలు పట్టుకుని ఇద్దరు గుమాస్తాలు ఒకే తలను కొలిస్తే రెండు లెక్కలు వచ్చేవి. అక్కడే చిక్కు వచ్చింది. ఒక్క నూలుపోగంత తేడా వచ్చినా చీటీ వేరే అరలోకి పోతుంది, మళ్ళీ దొరకదు.

వేలిముద్ర మాత్రం మారదని అప్పటికే తెలుసు. ఆ తెలుసుకోవడం మొదలైందీ బెంగాల్‌లోనే. 1858 జులై 28న జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే యువ అధికారి, రోడ్డుకు కంకర సరఫరా చేసే రాజ్యధర్ కోనాయ్ అనే కంట్రాక్టరు చేత ఒప్పందం కాగితం వెనక అరచేయి మొత్తానికి సిరా పూసి ముద్ర వేయించాడు. సంతకం తనది కాదని రేపు బుకాయించకుండా భయపెట్టడానికే. సిపాయిల తిరుగుబాటు జరిగి ఏడాది తిరిగింది, దొరలకు ఎవరి మాట మీదా నమ్మకం లేదు. ఆ తరవాత హెర్షెల్‌కు ఇదొక పిచ్చి పట్టుకుంది. ఇరవై ఏళ్ళకు హుగ్లీలో మేజిస్ట్రేటుగా ఉండి పింఛన్లకు, దస్తావేజులకు, జైలు రికార్డులకు వేలిముద్రలు తప్పనిసరి చేశాడు. 1880లో టోక్యోలో ఉన్న స్కాట్లండ్ వైద్యుడు హెన్రీ ఫాల్డ్స్, నేర స్థలంలో దొరికే ముద్రలతో దొంగను పట్టవచ్చని ‘నేచర్’ పత్రికలో రాశాడు. నెల తిరక్కముందే అదే పత్రికలో హెర్షెల్ తన ఇరవై ఏళ్ళ పైబడిన అనుభవం రాశాడు. ఎవరు ముందన్న తగువు ఇద్దరూ పోయేదాకా తెమల్లేదు. 1892లో ఇంగ్లీషు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ ఏకంగా పుస్తకమే వేశాడు. రెండు వేర్వేరు వేళ్ళ ముద్ర ఒకటే కావడానికి అవకాశం 6,400 కోట్లలో ఒకటి అని లెక్క కట్టాడు.

ఇన్ని తెలిసినా ఒక్కటి తెలియలేదు. లక్ష కాగితాలు పోగుపడితే, ఈరోజు పట్టుబడ్డ మనిషి కాగితం అందులో ఎక్కడుందో వెతకడం ఎట్లా? పేరు వరసన పెట్టడానికి లేదు, పేరే అబద్ధం. గీతల వరసన పెట్టాలి. గీతలకు అక్షరమాల లేదు.

హక్ దాన్ని లెక్కల సమస్యగా చూశాడు.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పిల్లల వేళ్ళు తిప్పి చూసి ఎన్ని చక్రాలు, ఎన్ని శంఖాలు అని లెక్కపెట్టడం ఉంది. హక్ చేసిందీ మొదట అదే. గుండ్రంగా తిరిగి మూసుకునే గీతలున్న వేలు చక్రం. ఒక పక్కనుంచి వచ్చి వంపు తిరిగి అదే పక్కకు పోయే గీతలున్నది శంఖం. ఒక పక్కనుంచి వచ్చి విల్లులా వంగి రెండో పక్కకు పోయేవి చాలా తక్కువ, వాటిని శంఖాల లెక్కలోనే కలిపేశాడు. ఇప్పుడు ప్రతి వేలికీ రెండే జవాబులు: చక్రమా, కాదా.

పది వేళ్ళను ఐదు జంటలు చేశాడు. కుడి బొటనవేలు, చూపుడువేలు ఒక జంట. కుడి నడిమి వేలు, ఉంగరపు వేలు రెండోది. కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు మూడోది. ఎడమచేతి మిగతా నాలుగు వేళ్ళూ రెండు జంటలు. మొదటి జంటలో చక్రం ఉంటే 16 మార్కులు, రెండోదాంట్లో 8, తరవాత 4, 2, 1. చక్రం లేకపోతే సున్నా. జంటల్లో మొదటి వేళ్ళ మార్కులన్నీ కలిపితే భిన్నానికి కింది అంకె, రెండో వేళ్ళవి కలిపితే పై అంకె. సున్నా రాకుండా రెండింటికీ ఒకటి కలపాలి.

ఒక మనిషికి కుడి బొటనవేలికి, కుడి ఉంగరపు వేలికి, ఎడమ నడిమి వేలికి మాత్రమే చక్రాలున్నాయనుకుందాం. బొటనవేలు మొదటి జంటలో మొదటిది కనక కింద 16. ఉంగరపు వేలు రెండో జంటలో రెండోది, పైన 8. ఎడమ నడిమి వేలు నాలుగో జంటలో రెండోది, పైన 2. ఒకటేసి కలిపితే పైన 11, కింద 17. ఈ మనిషి కాగితం 11వ వరసలో 17వ గూట్లో ఉంటుంది, మరెక్కడా ఉండదు. అన్నీ శంఖాలే అయితే 1 మీద 1, అన్నీ చక్రాలే అయితే 32 మీద 32. ముప్ఫై రెండు వరసలు, వరసకు ముప్ఫై రెండు గూళ్ళు, మొత్తం 1024 గూళ్ళ బీరువా. దొంగ పేరు ఎన్నిసార్లు మార్చుకున్నా అతని ఇంటి నంబరు అతని వేళ్ళమీదే ఉందన్నమాట.

రెండు విలువల మీద నడిచే లెక్క ఇది. కంప్యూటరు పుట్టడానికి అర్ధశతాబ్దం ముందు ఒక పోలీసు కచేరీలో, చెక్క బీరువాతో జరిగింది.

అయితే గూళ్ళన్నీ సమంగా నిండవు. మనుషుల వేళ్ళమీద శంఖాలే ఎక్కువ, సుమారు మూడింట రెండు వంతులు. దాంతో 1 మీద 1 గూడు పొంగిపొర్లుతుంది, కొన్ని గూళ్ళు బోసిగా ఉంటాయి. నిండిన గూళ్ళను మళ్ళీ విడదీయాలి: గీతలు ఎటు వంగాయి, మధ్యబిందువు నుంచి గీతలు మూడు వైపులకు చీలే చోటు దాకా ఎన్ని గీతలున్నాయి అని. ఈ ఉపవిభాగాల్లో బోస్ చెయ్యి ఎక్కువ. వేలిముద్రను అంకెల్లోకి మార్చి తంతిలో పంపే సంకేతం కూడా ఆయన తయారుచేశాడు, దానిమీద 1916లో కలకత్తాలో పుస్తకం వేశాడు. ముద్ర కాగితం రైల్లో వచ్చేదాకా ఆగకుండా ఒక ఊరి పోలీసు ఇంకో ఊరి బీరువాను అడగగలిగే వీలు దాంతో వచ్చింది.

ప్రభుత్వం ఈ పద్ధతిని పరీక్షించడానికి సర్వేయర్ జనరల్ స్ట్రాహన్‌ను, రసాయన శాస్త్రవేత్త అలెగ్జాండర్ పెడ్లర్‌ను నియమించింది. 1897 మార్చిలో వాళ్ళు మెచ్చుకుంటూ నివేదిక ఇచ్చారు. జూన్ 12న గవర్నర్ జనరల్ ఆమోదించాడు. కొలబద్దలు అటకెక్కాయి. కలకత్తా రైటర్స్ బిల్డింగ్‌లో వేలిముద్రల బ్యూరో తెరుచుకుంది. ప్రపంచంలో ఇదే మొదటిదని మన పుస్తకాలు రాస్తాయి. అర్జెంటీనా వాళ్ళు ఒప్పుకోరు. వాళ్ళ దగ్గర హువాన్ వుసెటిచ్ వేరే పద్ధతి ముందే నడిపాడు. 1892లో ఫ్రాన్సిస్కా రోహాస్ అనే ఆమె తన ఇద్దరు పిల్లల్ని చంపి నేరం పొరుగువాడి మీద వేస్తే, తలుపు మీది నెత్తుటి వేలిముద్ర ఆమెను పట్టిచ్చింది. అర్జెంటీనా వాళ్ళ దావా న్యాయమైనదే.

ఇక కంగాలీ చరణ్ విచారణ. హత్య, దొంగతనం రెండు నేరాలూ మోపారు. జడ్జికి సలహా చెప్పడానికి పక్కన కూర్చున్న అసెసర్లు వేలిముద్రను నమ్మారు, నమ్మి అక్కడే ఆగారు. వేలిముద్ర ఆ పెట్టెలో చెయ్యి పెట్టింది ఇతనేనని చెబుతుంది, దొంగతనం రుజువైంది. గొంతు కోసింది ఇతనేనని చెప్పదు, కోస్తుండగా చూసినవాళ్ళు లేరు. హత్యానేరం కొట్టేసి దొంగతనానికి శిక్ష వేశారు. అప్పీలులోనూ ఆ తీర్పే నిలిచింది. కొత్త శాస్త్రం చూసి మురిసిపోకుండా, అది ఎంత చెబుతుందో అంతే తీసుకున్న ఆ అసెసర్ల బుద్ధికి మెచ్చుకోవాలి. టీవీ చర్చల్లో ఫోరెన్సిక్ నివేదిక అనగానే తీర్పు చెప్పేసే ఈ రోజుల్లో మరీను.

ఒక సంగతి ఒప్పుకోవాలి. 1024 గూళ్ళ బీరువా పది వేళ్ళ లెక్క మీద నడుస్తుంది. పంచాంగం మీద ఉన్నది ఒక్క బొటనవేలు, అదీ ముక్క. ఒక్క వేలితో గూటి నంబరు కట్టడం కుదరదు. పాత నౌకరు పేరు అనుమానితుల్లో ముందే ఉంది కనకే ఆ పోలిక తేలికైందని అనుకోవాలి. అంటే పాతకాలపు పోలీసు అనుమానమూ, కొత్త లెక్కా చేయీచేయీ కలిపాయి. మరుసటి ఏడాది, 1899లో, ఎవిడెన్స్ యాక్టును సవరించి వేలిముద్రల మీద నిపుణుడి అభిప్రాయం చెల్లుతుందని చేర్చారు.

పేరు మాత్రం హెన్రీకి దక్కింది. రైల్లో పోతుంటే ఆయనకు ఈ లెక్క ఠక్కున తట్టిందని, కాగితం లేక చొక్కా చేతి మడత మీదే రాసుకున్నాడని ఒక కథ ప్రచారంలోకి వచ్చింది. 1900లో ఆయన వేలిముద్రల వర్గీకరణ మీద పుస్తకం అచ్చువేశాడు, జల్పాయ్‌గురి కేసు మొత్తం అందులో ఉంది. హక్, బోస్‌ల పేర్లు లేవు. 1901లో స్కాట్లండ్ యార్డుకు వెళ్ళి అక్కడ బ్యూరో పెట్టాడు, 1903లో లండన్ పోలీసు కమిషనర్ అయ్యాడు, తరవాత సర్ అయ్యాడు. ప్రపంచమంతా దాన్ని హెన్రీ పద్ధతి అంది.

హెన్రీ ఉట్టి దొంగ కాడు. గాల్టన్‌ను కలిసి ఆ విద్య తెలుసుకున్నది, కొలతల పద్ధతి పనికిరాదని గ్రహించింది, ఇద్దరు దేశీ సబ్ ఇన్‌స్పెక్టర్లకు ఏళ్ళ తరబడి తీరిక ఇచ్చి పని చేయించింది ఆయనే. కానీ గూళ్ళ లెక్క ఆయనది కాదు. హక్ సేవలకు గుర్తింపు కోరుతూ 1920లలో ఫైళ్ళు కదిలినప్పుడు, 1926లో హెన్రీయే ఇండియా ఆఫీసుకు ఉత్తరం రాశాడు. తన సిబ్బందిలో అందరికంటే ఎక్కువ చేసింది హక్కేనని అందులో ఒప్పుకున్నాడు. హక్‌కు ఖాన్ బహదూర్ బిరుదు, 5,000 రూపాయల పారితోషికం అందాయి. బోస్ రాయ్ బహదూర్ అయ్యాడు. హక్ బీహార్ పోలీసులో పనిచేసి మోతీహారిలో స్థిరపడి 1935లో పోయాడు. బోస్ స్వతంత్రం చూసి 1949లో పోయాడు.

వాళ్ళ బీరువా ఇంకో దారిన కూడా నడిచింది. 1900లో హెన్రీని కొన్నాళ్ళు దక్షిణాఫ్రికా పంపారు, అక్కడి పోలీసులకు ఈ పద్ధతి అప్పుడే అంటింది. 1906లో అక్కడి ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం భారతీయులందరూ పది వేళ్ళ ముద్రలు ఇచ్చి రిజిస్టరు కావాలంది. హెన్రీ పుస్తకం చదివిన గాంధీ, చట్టం ఇలా ముద్రలు అడిగేది నేరస్తుల్నే అని తెలుసుకున్నానని తరవాత రాశాడు. ఆ సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గ్‌లోని ఎంపైర్ థియేటర్‌లో జరిగిన సభే సత్యాగ్రహానికి మొదలు. మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి దక్షిణాఫ్రికా చేరిన తెలుగువాళ్ళ, తమిళుల బతుకుల్లోకి కలకత్తా లెక్క అలా ప్రవేశించింది. దొంగను పట్టడానికి పుట్టింది దొంగకానివాణ్ణి లెక్కలోకి తెచ్చుకోవడానికి పనికొచ్చింది.

ఇప్పుడు మన ఊళ్ళల్లో రేషన్ షాపులో ఈ-పాస్ యంత్రం ముందు నిలబడ్డ కూలీకి వేలు పడకపోతే బియ్యం కోసం పదిసార్లు తుడుచుకుని పెట్టాలి. గీతలు అరిగిపోయిన చేతులకు హక్ దగ్గర గానీ బోస్ దగ్గర గానీ లెక్క లేదు, ఇప్పటి యంత్రం దగ్గరా సరైన జవాబు లేదు. పోలీసుల దగ్గర గూళ్ళ బీరువాలు పోయాయి. 2022లో మొదలైన జాతీయ వేలిముద్రల వ్యవస్థ గీతలు చీలే చోట్లు, ఆగే చోట్లు గుర్తుపట్టి కంప్యూటర్లోనే వెతుకుతుంది, ఒక్క వేలి ముక్క చాలు.

ఢిల్లీ పరిశోధకులు జి.ఎస్. సోధి, జస్జీత్ కౌర్ పాత దస్త్రాలు తిరగేసి ఈ ఇద్దరి పాత్రను బయటపెట్టారు. బ్రిటన్‌లోని ఫింగర్‌ప్రింట్ సొసైటీ హక్, బోస్‌ల పేర్లతో పరిశోధన బహుమతి పెట్టింది. మనం మాత్రం ఫోరెన్సిక్ పాఠాల్లో ఇప్పటికీ హెన్రీ పద్ధతి అనే చెప్పుకుంటున్నాం. ఆ పాఠాలు తెలుగులో రాసేవాళ్ళకు, పోలీసు శిక్షణ కేంద్రాల్లో చెప్పేవాళ్ళకు ఒక విన్నపం: వచ్చే ముద్రణలో దాన్ని హక్–బోస్ పద్ధతి అని రాయండి, హెన్రీ పేరు కావాలంటే బ్రాకెట్లో పెట్టండి.